లెగ్ గార్డుకు ఒక గార్డు

మేష సంక్షేమ వ్యాధి నివారణ మండలి, ఎర్రదిన్నె శాఖకు ఒక మోటారు సైకిలు మంజూరైందని తెలిసిన రోజున కుళ్ళాయప్ప తన చెప్పుల వంక చూసి, ఇక మీ కష్టాలు తీరినట్టే అన్నాడు. చెప్పులు నమ్మలేదు. పదకొండేళ్ళుగా ఆయన కాళ్ళ కింద బతుకుతున్నవాటి వంశం అది. మండలి సంగతి వాటికి ఆయన కంటే బాగా తెలుసు.

మేషం అంటే గొర్రె. గొర్రెల మండలి అంటే నామఫలకం చిన్నబోతుందని పెద్దలు మేషం అన్నారు. కుళ్ళాయప్ప ఆ మండలిలో క్షేత్ర సహాయకుడు. మంచుగడ్డలు నింపిన డబ్బాలో టీకా సీసాలు పెట్టుకుని, డబ్బా భుజాన తగిలించుకుని, పదిహేడు పల్లెలు తిరిగి గొర్రెలకు సూది వేయడం ఆయన పని. ఆ పదిహేడులో కొక్కెరవంక అన్నిటికంటే దూరం. రోడ్డు చీలే క్రాసు దాకా బస్సు, అక్కణ్ణించి తొమ్మిది కిలోమీటర్లు నడక, మధ్యలో దిగి దాటాల్సిన ఒక వంక.

పోయిన ఏడు బస్సు రాక, ఎండలో నడిచి వెళ్ళేసరికి డబ్బాలో మంచుగడ్డ నీళ్ళయింది. వేడెక్కిన మందు వేయకూడదు. మళ్ళీ వస్తానని వెనక్కి వచ్చాడు. మళ్ళీ వెళ్ళేలోపు వానలు పడ్డాయి. వానల వెనక చిన్న దోమలు, దోమల వెనక నీలినాలుక జబ్బు. వన్నూరమ్మ అనే ఆమెకున్న అరవై రెండు గొర్రెల్లో పందొమ్మిది మూతులు వాచి, మేత ముట్టక చనిపోయాయి. ఆమె కుళ్ళాయప్పను ఒక్క మాట అనలేదు. తాగడానికి నీళ్ళిచ్చింది. తిట్టి ఉంటే ఆయన ఆ రాత్రే నిద్రపోయేవాడు. తిట్టలేదు కాబట్టి ఏడాది పొడుగునా బండి కోసం అర్జీలు రాశాడు. తొమ్మిదో అర్జీకి బండి వచ్చింది.

బండికి ఒక రోజు ముందు సర్క్యులర్ వచ్చింది.

ఎక్కడో వేరే జిల్లాలో మండలి ఉద్యోగి ఒకాయన మోటారు సైకిలు ప్రమాదంలో కాలి బొటనవేలు చితక్కొట్టుకున్నాడట. అప్పటికి ఆయన బండి మీద లేడు. స్టాండు సరిగా వేయని బండి పక్కన నిలబడి వేరుశనక్కాయలు ఒలుచుకుంటుంటే అది వచ్చి పాదం మీద పడింది. ఈ సంగతి జిల్లా అంతటికీ తెలుసు, నివేదికకు మాత్రం తెలియదు. పర్యవసానంగా రాష్ట్రమంతటా ఇలా ఆదేశించడమైనది: "పతన సమయమున చోదకుని, వాహనమును సంరక్షించు ఉపకరణములు అమర్చబడి, పతనమునందు వాటి పనితనము నిరూపింపబడిన పిమ్మట మాత్రమే ద్విచక్ర వాహనమును రహదారిపైకి అనుమతింపవలెను. ఉపకరణముల ఎంపికకై త్రిసభ్య సంఘమును నియమింపవలెను."

సంఘాన్ని నియమించారు. అధ్యక్షులు ఉపసంచాలకులు వేదవ్యాసరావు గారు. ఆయన కారులో వస్తారు. సభ్యురాలు సూపరింటెండెంట్ త్రిపురాంబ గారు, షేర్ ఆటోలో వస్తారు. మూడో సభ్యుడు స్టోర్ కీపర్ సంజీవరాయుడు. ఆయన ఆఫీసు వెనక క్వార్టర్స్‌లోనే ఉంటాడు, కాబట్టి రానే రాడు, అక్కడే ఉంటాడు. బండి నడపడం వచ్చినవాళ్ళకు ఇందులో స్వప్రయోజనం ఉంటుంది గనుక వాళ్ళను సంఘంలో వేయరాదని త్రిపురాంబ గారు ముందే నిబంధన చూసి పెట్టారు.

ఇదంతా కుళ్ళాయప్పకు పెద్ద విషయంగా తోచలేదు. తిన్నగా బస్టాండు పక్కన మాబు షెడ్డుకు వెళ్ళి సలహా అడిగాడు. మాబు ఇరవై ఏళ్ళుగా బండ్లు విప్పుతున్నవాడు, వాటిలో చాలావాటిని తిరిగి బిగించినవాడు.

"ముందర ఒక లెగ్ గార్డు, ఎనక చక్రానికి ఒక శారీ గార్డు. ఇంగేం పన్లేదన్నా," అన్నాడు మాబు. "బండి పడితే ఆ కడ్డీ నేలకానుకుంటాది, నీ కాలు మిగుల్తాది. బండి తోలుకొని రా. నువ్వు టీ తాగేలోపల బిగిచ్చి పంపిస్తా."

కుళ్ళాయప్ప ఆ రెండు పేర్లూ కాగితం మీద రాసి సంఘానికి ఇచ్చాడు. ముందు బిగించుకుని, టీ తాగి, తర్వాత ఇవ్వాల్సింది. తొందరపడ్డాడు.

మొదటి సమావేశంలో వేదవ్యాసరావు గారు ఆ కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని చూశారు. "ప్రమాద సంరక్షణ అన్నది ఒక శాస్త్రం కుళ్ళాయప్పా. మెకానిక్కు చెప్పాడని ఇనుము తగిలించుకుంటే ప్రజలు ఏమనుకుంటారు? ముందుగా పతన దిశ నిర్ధారణ కావాలి. మీరు సాధారణంగా ఏ వైపు పడుతుంటారు?"

"నేనెప్పుడూ పడలేదు సార్."

"ఎన్నాళ్ళుగా నడుపుతున్నారు?"

"ఇరవై ఏళ్ళు సార్. మా తమ్ముడి బండి, మా బావ బండి, ఎవరిస్తే వాళ్ళది."

"ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా పడలేదు," అన్నారు రావుగారు, ఏదో దాస్తున్నాడన్నట్టు చూస్తూ.

త్రిపురాంబ గారు కళ్ళద్దాలు సర్దుకున్నారు. "పతనానుభవం కాలమ్ ఖాళీగా పోతే పైవారు ఆక్షేపిస్తారు సార్. పడిన అనుభవం లేని వ్యక్తికి పతన సంరక్షణ ఉపకరణాలు ఏ ప్రాతిపదికన సిఫార్సు చేశారని అడుగుతారు."

ఫైలు అక్కడే ఆగిపోయేలా ఉందని కుళ్ళాయప్పకు అర్థమైంది. "చిన్నప్పుడు చింతచెట్టు మీంచి పడినాను సార్," అన్నాడు.

రావుగారి ముఖం వికసించింది. "ఏ వైపు?"

"కిందికి సార్."

ముగ్గురూ దాన్ని మూడు కాగితాల మీద రాసుకున్నారు. ఆ ప్రకారం బండికి కింది వైపు, అంటే ఇంజను అడుగున, ఒక ఇనుప పలక అవసరమని తేలింది. అయితే పక్కలకు పడడని ఏమిటి నమ్మకమని త్రిపురాంబ గారు అడగ్గా ఎడమకూ కుడికీ లెగ్ గార్డు చేర్చారు. ముందునుంచి ఎనుమో దున్నపోతో వస్తే ఎలాగని సంజీవరాయుడు అడగ్గా హెడ్‌లైటుకు ఇనుప జాలి చేర్చారు. వెనక శారీ గార్డు దగ్గర గట్టి చర్చ జరిగింది. సదరు ఉద్యోగి చీర కట్టుకుంటాడా అని సంజీవరాయుడు సూటిగానే అడిగాడు. కట్టుకోనని కుళ్ళాయప్ప ఒప్పుకున్నాడు. గార్డు కొట్టివేశారు. రేపు ఆ ఉద్యోగంలోకి ఒక మహిళ వస్తే ఆమె చీర ఏం కావాలని త్రిపురాంబ గారు నిలదీయడంతో 'వస్త్ర సంరక్షణ జాలి' అని పేరు మార్చి మళ్ళీ చేర్చారు. మొత్తానికి మాబు చెప్పినవి రెండూ ఆ జాబితాలో ఉన్నాయి గనుక కుళ్ళాయప్ప మనసు కుదుటపడింది. అప్పటికి మార్చి నెల. వానలకు ఇంకా టైముంది.

ఉపకరణాలు రావడానికి నాలుగు వారాలు పట్టింది. మాబు ఆఫీసు ఆవరణకే వచ్చి అన్నీ బిగించాడు. కుళ్ళాయప్ప సీటు తుడిచి, ఎక్కి కూర్చుని, తాళం తిప్పాడు. బండి ముద్దుగా మోగింది. అంతలో సంజీవరాయుడు చంకలో స్టాకు రిజిస్టరుతో పరుగెత్తుకొచ్చాడు.

"దిగు, దిగప్పా ముందు. లెగ్ గార్డును స్థిరాస్తి కింద నూటపద్నాలుగో నంబరు వేసి ఎక్కించినా. బండి పడితే దానికి దెబ్బ తగులుతుందా, తగలదా?"

"తగులుతుంది సార్. దాని పనే అది," అన్నాడు కుళ్ళాయప్ప.

"మండలి ఆస్తికి దెబ్బ తగలడం పని ఎట్లయితాది?"

జవాబు లేని ప్రశ్న దొరికితే ఆఫీసులో దాన్ని ఎవరూ వదులుకోరు. సాయంత్రానికి రెండో సమావేశం కూడింది. కాలు మనిషిది, విరిగితే మనిషే కట్టు కట్టించుకుంటాడు. గార్డు మండలిది, వంగితే సంజీవరాయుడు జవాబు చెప్పుకోవాలి. అందులో ఏది ముఖ్యమో ప్రత్యేకంగా ఎవరూ చెప్పనవసరం లేకపోయింది. "రక్షించు వస్తువునకు రక్షణ లేకుండుట విచారకరం" అని రావుగారు తీర్మానం చెప్పి రాయించారు. లెగ్ గార్డుకు దెబ్బ తగలకుండా దాని బయట మరో గార్డు మంజూరైంది.

అది వచ్చింది. మాబు బిగించాడు. సంజీవరాయుడు దానికి నూటపదిహేను వేశాడు. నంబరు పడగానే అది కూడా ఆస్తయింది. ఆస్తికి రక్షణ కావాలి.

"ఇట్ల ఎన్ని బిగిచ్చేదన్నా?" అన్నాడు మాబు, మూడోదానికి మర బిగిస్తూ.

"నాకేం తెలుసురా. రిజిస్టరులో పేజీలు అయిపోయేదాకా అనుకుంటా."

"కొత్త రిజిస్టరు వస్తే?"

కుళ్ళాయప్ప స్టోరు గది వైపు చూశాడు. కొత్త రిజిస్టర్లు కట్టగట్టి ఉన్నాయి.

ఏప్రిల్ ముగిసేసరికి ఒక్కో పక్క ఆరేసి గార్డులయ్యాయి. హెడ్‌లైటు జాలికి జాలి, దానికి మరో జాలి పడ్డాక లైటు వేస్తే వెలిగిందో లేదో లోపలికి తొంగి చూడాల్సి వచ్చింది. అద్దాలకు చట్రాలు వేశారు. చట్రాలు గార్డులకు తగులుతున్నాయని మధ్యలో రబ్బరు కుక్కారు. పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు అంటారు గాని, ఇక్కడ పిల్లికి ఇంకో పిల్లిని, దానికి మరో పిల్లిని తగిలించారు. పెళ్ళి సంగతి అందరూ మరిచిపోయారు. మాబు పనివాడు కాబట్టి ఉండబట్టలేక ఒక రోజు రావుగారి గదిలోకే వెళ్ళి చెప్పాడు.

"సార్, హ్యాండిలు తిరగల్యా."

"మంచిదే కదా. మలుపుల్లోనే ఎక్కువమంది పడతారని గణాంకాలున్నాయి. మలుపు తిరగని వాహనం మలుపులో ఎలా పడుతుంది?"

"రోడ్డు మలుపు తిరిగితే ఎట్ల సార్?"

"అది రహదారుల వారి పరిధి," అన్నారు రావుగారు మర్యాదగా. "వారికొక లేఖ రాద్దాం."

బండి ఇప్పుడు ఏడడుగుల వెడల్పు. ఆఫీసు గేటు అయిదడుగులు. ఈ సంగతి అందరికంటే ముందు గమనించినవాడు కుళ్ళాయప్పే, కాని చెప్పలేదు. చెబితే గేటుకు కూడా సంఘం వేస్తారని భయపడ్డాడు.

మే నెలాఖరున ఆయనకు అసలైన భయం పట్టుకుంది. మందు వేశాక గొర్రె ఒంటికి పట్టడానికి మూడు వారాలు కావాలి. జూన్ నడిమి దాటితే వేసీ ప్రయోజనం లేదు. ఫ్రిజ్‌లో తొమ్మిది వందల మోతాదులు వరసగా కూర్చుని ఉన్నాయి. రోజూ ఉదయం వచ్చి ఫ్రిజ్ తలుపు తీసి చూసేవాడు, తర్వాత బయటికొచ్చి ఆకాశం చూసేవాడు. బస్సులో పోదామంటే క్రాసు బస్సు ఆ ఏడు పూర్తిగానే ఎత్తేశారు. జీపులు నడుస్తున్నాయి గాని, అవి నిండితేనే కదులుతాయి. అవి నిండేలోపు మంచు కరుగుతుంది. కుళ్ళాయప్ప రావుగారి దగ్గరికి వెళ్ళి ఇదంతా చెప్పాడు.

"మీ ఆవేదన నన్ను కదిలించింది," అన్నారు రావుగారు. నిజంగానే కదిలినట్టున్నారు. "దాన్ని కాగితం మీద పెట్టండి. ఇక మిగిలింది ఒక్కటే లాంఛనం. పనితనం నిరూపణ. శుక్రవారం పతన పరీక్ష పెట్టి, ఆ మధ్యాహ్నమే తాళం చేతికిస్తాను."

శుక్రవారం పదకొండింటికి ఆవరణలో బండి చుట్టూ గోనెపట్టాలు పరిచారు. రావుగారికి కుర్చీ వేశారు. త్రిపురాంబ గారు ఫైలు పట్టుకున్నారు. సంజీవరాయుడు గార్డుల నంబర్లన్నీ ఒకసారి చదివి, ఉన్నాయని తేల్చుకున్నాడు. నలుగురు గుమాస్తాలు బండిని ఎడమకు తోశారు. పడలేదు. వాచ్‌మన్ వచ్చి చేరాడు, పడలేదు. మాబు, కుళ్ళాయప్ప, పక్కనున్న విత్తనాల ఆఫీసు వాళ్ళు ముగ్గురూ కలిశారు. పదిమంది చొక్కాలు తడిశాయి, బండి కొంచెం మూలిగింది. రెండు పక్కలా పరుచుకున్న ఇనుము నేలకు తన్నిపట్టి నిలబడింది. కుడివైపు నుంచి తోశారు. అప్పుడూ అంతే.

రావుగారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. "అద్భుతం. పతనమే లేని వాహనం. తాళం ఇవ్వండి."

కుళ్ళాయప్ప చెయ్యి చాచాడు.

"ఒక్క నిమిషం సార్," అన్నారు త్రిపురాంబ గారు. సర్క్యులర్ తీసి నిదానంగా చదివారు. "పతనమునందు వాటి పనితనము నిరూపింపబడిన పిమ్మట మాత్రమే, అని ఉంది. పతనం జరగలేదు. పతనం జరగనప్పుడు పతనమునందు పనితనం నిరూపణ అయినట్టు నేను ఎలా రాయను?"

రావుగారు కూర్చున్నారు.

"గార్డులు విప్పేసి తోస్తే పడుతుంది కద మేడమ్," అన్నాడు కుళ్ళాయప్ప.

"గార్డులు లేని బండి పడితే ప్రమాదం. అందుకే కదా ఇవన్నీ పెట్టింది."

ఆమె మాటలో తప్పు ఎక్కడుందో ఆ పదిమందిలో ఎవరికీ చిక్కలేదు. చివరికి రావుగారు తీర్మానం చెప్పారు. వాహనం పడేవరకు ప్రతి శుక్రవారం పదకొండింటికి పతన ప్రయత్నం చేయవలెను. పడిన వెంటనే క్షేత్ర సహాయకునకు అప్పగించవలెను. ఈ తీర్మానం పై ఆఫీసుకు వెళితే అక్కణ్ణించి ప్రశంసాపత్రం వచ్చింది. ఎర్రదిన్నె వాహనాన్ని ఆదర్శ వాహనంగా ప్రకటించారు. ఇతర జిల్లాల సిబ్బంది వచ్చి చూసి వెళ్ళడం మొదలుపెట్టారు. వాళ్ళు తమ బండ్ల మీద వచ్చేవారు.

రెండో శుక్రవారం ప్రయత్నం జరుగుతుండగా వన్నూరమ్మ వచ్చింది. తెల్లారి బయలుదేరి క్రాసు దాకా నడిచి, జీపులో వచ్చింది. గేటు దగ్గర నిలబడి, చెమటలు కక్కుతూ ఇనుమును తోస్తున్న మండలి సిబ్బందిని చాలాసేపు చూసింది.

"ఇదేందప్పా కుళ్ళాయప్పా? జీవాల దొడ్డా?"

"బండి అక్కా."

"బండా," అందామె. నీడలో కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంది. "మా పక్క మబ్బు కడతాందప్పా. ఉగాది కాడనే ఒక యాపారి వచ్చి జీవాలన్నీ తోలుకొని పోతానన్న్యాడు. నల్బై మూడు ఉండాయి. నేనే అమ్మల్యా. కుళ్ళాయప్ప ఈ తూరి బండేసుకొని మందు తెస్తాండాడు, నాకేం బయం ల్యాదని సెప్పినా. వాడు నవ్విపాయ."

కుళ్ళాయప్పకు సిగ్గేసింది. ఆ సిగ్గు ముందు ఉద్యోగం చిన్నదైపోయింది. లోపలికి వెళ్ళి, రిజిస్టరులో సంతకం పెట్టి, తొమ్మిది వందల మోతాదులూ మంచు డబ్బాలో సర్దుకుని బయటికి వచ్చాడు. తిన్నగా మాబు షెడ్డుకు నడిచాడు. వెనక వన్నూరమ్మ నడిచింది. మాబు ఏమీ అడగకుండా తన సొంత బండి తాళం తీసిచ్చాడు. దానికి ఒక్క గార్డు లేదు. ఒక్క అద్దం ఉంది, అది ఆకాశాన్ని చూపిస్తుంది. సీటు చిరిగి పీచు కనిపిస్తోంది.

"బ్రేకు ఉండాదన్నా, హారన్ ల్యా. ఎవురన్నా అడ్డమొస్తే నోటితో అరుచు," అన్నాడు మాబు.

వన్నూరమ్మ వెనక కూర్చుని డబ్బాను ఒళ్ళో పెట్టుకుంది. యాభై నిమిషాల్లో కొక్కెరవంక చేరారు. డబ్బా మూత తీస్తే మంచు ఇంకా గడ్డగానే ఉంది. దాన్ని చూసి కుళ్ళాయప్పకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ముందు ఆమె నలభై మూడు. తర్వాత ఊళ్ళో మిగతా మందలు, రాత్రి క్రాసు నుంచి కొత్త మంచు తెచ్చి నింపి, మరునాడు చుట్టుపక్కల మూడు పల్లెలు. రెండు రోజుల్లో తొమ్మిది వందల గొర్రెలకు సూది వేశాడు. చెయ్యి భుజం దాకా లేవలేదు. ఇసుకలో, వంకలో, రాళ్ళ దారిలో రానూపోనూ ఎక్కడా పడలేదు. పదకొండేళ్ళలో అంత సంతోషంగా ఆయన ఎప్పుడూ లేడు.

సోమవారం ఆఫీసుకు వెళ్ళేసరికి బల్ల మీద తాఖీదు ఉంది.

"ఒకటి: సంరక్షణ ఉపకరణములు లేని ప్రైవేటు వాహనముపై మీరు విధి నిర్వహణకు పోయితిరి. రెండు: సదరు వాహనముపై నుండి మీరు ఎచ్చటను పడకపోవుటచే మండలి ఎంపిక చేసిన ఉపకరణముల ఆవశ్యకతపై అపోహలకు తావిచ్చితిరి. మూడు: అనుమతి లేని వాహనముపై రవాణా అయిన టీకామందు పంపిణీ అయినట్లు పరిగణింపబడదు. కావున తొమ్మిది వందల మోతాదులను గొర్రెల నుండి తిరిగి రాబట్టి, వారము దినములలో స్టోరునందు జమ చేయవలెను."

మూడుసార్లు చదివి, త్రిపురాంబ గారి దగ్గరికి వెళ్ళాడు. "మేడమ్, వేసిన సూదిమందు వెనక్కి ఎట్లా తీసేది?"

"అది సాంకేతిక విషయం. వేసింది మీరు, తీసే పద్ధతి మీకే తెలియాలి."

"రాదు మేడమ్. అది రక్తంలో కలిసిపోయింటుంది."

ఆమె ఆలోచించారు. ఆమె చెడ్డ మనిషి కాదు. దారి చూపించాలనే అనుకున్నారు. సంజీవరాయుడిని పిలిచారు, ఇద్దరూ రావుగారి గదిలోకి వెళ్ళారు, గంట తర్వాత ముగ్గురూ దారి కనిపెట్టిన ముఖాలతో బయటికి వచ్చారు.

"మందు మండలి ఆస్తి," అన్నారు రావుగారు. "సీసాలో ఉంటే సీసాతో సహా జమ చేసుకుంటాం కదా. ఇప్పుడది గొర్రెలో ఉంది. కనుక గొర్రెతో సహా జమ చేసుకుంటాం. మీ మీద ఏ మచ్చా ఉండదు."

కుళ్ళాయప్ప అడ్డం వచ్చాడు. "గొర్రెలు వాళ్ళవి సార్. అవే వాళ్ళకు కూడు."

"ఖాళీ అయిన పిమ్మట యజమానులకు వాపసు ఇస్తాం," అన్నాడు సంజీవరాయుడు. అప్పటికే కొత్త రిజిస్టరుకు అట్ట వేస్తున్నాడు.

జప్తు ఉత్తర్వు ఆ పూటే తయారైంది. కొక్కెరవంక నుంచి మొదలుపెట్టాలని, మొదటి పేరు వన్నూరమ్మదని అందులో ఉంది. సంఘమంతా స్వయంగా వెళ్ళాలని రావుగారు సంతకం పెట్టి, కారు తీయమన్నారు. కుళ్ళాయప్ప గోడకు ఆనుకుని నిలబడ్డాడు. వీళ్ళ కాళ్ళు పట్టుకోవాలా, ముందుగా పరుగెత్తి ఆమెను మందతో సహా కొండెక్కించాలా అని ఆలోచిస్తున్నాడు.

అంతలో త్రిపురాంబ గారు ఉత్తర్వు వెనక్కి తిప్పారు. "సార్, జప్తు క్షేత్రస్థాయి విధి. క్షేత్రస్థాయి విధులకు క్షేత్ర వాహనమే వాడాలి. కార్యాలయపు కారులో పోతే, కుళ్ళాయప్ప మీద మనం పెట్టిన మొదటి అభియోగమే మన మీదా పడుతుంది."

"అయితే క్షేత్ర వాహనంలోనే వెళదాం."

"అది ఇంకా పడలేదు సార్."

రావుగారు కిటికీలోంచి బయటికి చూశారు. ఏడడుగుల వెడల్పున, ఎండలో మెరుస్తూ, నిశ్చలంగా ఉంది బండి. "శుక్రవారం పడగానే బయలుదేరుదాం," అన్నారు.

శుక్రవారం అది పడలేదు. తర్వాత శుక్రవారమూ పడలేదు. తోసేవాళ్ళలో కుళ్ళాయప్ప పేరు కూడా వేశారు. ఆయన ఎవరికీ అనుమానం రాకుండా అవతలి పక్కకు వెళ్ళి, అందరికంటే ఎక్కువ మూలుగుతూ తోసేవాడు. జూలైలో వానలు పడ్డాయి. వానల వెనక దోమలు వచ్చాయి. కొక్కెరవంకలో ఒక్క గొర్రె మూతి వాయలేదు.

ఒక ఆదివారం కుళ్ళాయప్ప మాబు బండి మీద వెళ్ళి వన్నూరమ్మకు జరిగిందంతా చెప్పాడు. జప్తు మాట దగ్గర ఆమె చెయ్యి దగ్గరున్న గొర్రెపిల్ల మీద పడి అక్కడే ఆగిపోయింది.

"ఆ బండి పడితే వస్తారంట్యావు."

"ఆ, అక్కా. పడితే మరుసటి గంటలో వస్తారు."

"పడకుంటే?"

"రారు. రూలు ఒప్పుకోదు."

వన్నూరమ్మ మందను చూసింది. పెదవులు కదుపుతూ నలభై మూడూ లెక్కబెట్టుకుంది. "ఏటేటా జీవాలు సల్లగుండాలని పీర్ల పండగకు కుళ్ళాయిసామికి సక్కెర సదివిస్తాంటి," అంది. "ఈ యేడు మీ బండి పేరుతో గూడ సదివిస్తాలే. పదిమంది తోస్తే పడల్యా, సరే. ఇరవైమంది తోస్తే ఎట్లప్పా? ఇంగా కొన్ని గార్డులు బిగిచ్చమని మీ సారుకు సెప్పరాదా?"

సోమవారం ఉదయం కుళ్ళాయప్ప కూర్చుని అర్జీ రాశాడు. వాహన భద్రత దృష్ట్యా ఇరువైపులా మరో నాలుగేసి గార్డులు అత్యవసరమని క్షేత్రానుభవంతో మనవి చేసుకుంటున్నానని రాశాడు. అది చదివి వేదవ్యాసరావు గారి కళ్ళు చెమర్చాయి. ఈ సిబ్బందిలో భద్రతా స్పృహ ఈనాటికి మేలుకొందని పక్కనే రాశారు. పదకొండేళ్ళలో కుళ్ళాయప్ప పెట్టుకున్న అర్జీలన్నిటిలో పెట్టిన రోజు సాయంత్రంలోగా మంజూరైనది అదొక్కటే.